రెండు జియాన్ల వర్క్‌స్టేషన్: మార్చేయాలా, ఇంకా లాగొచ్చా?

పాలకొల్లు స్టూడియో

అందరికీ నమస్కారమండి. మూఢం నడుస్తోంది, ముహూర్తాలు లేవు. ఈ ఖాళీలోనే మెషీను సంగతి తేల్చుకుందామని రాస్తున్నాను.

నా దగ్గరున్నది రీఫర్బిష్డ్ వర్క్‌స్టేషన్. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్లో తీసుకున్నాను. రెండు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు, ఒక్కోదాంట్లో 14 కోర్లు. 128 జీబీ డీడీఆర్4 ఈసీసీ ర్యామ్. జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 10. పెళ్లి వీడియోలు ప్రీమియర్లో చేస్తాను. పాత కస్టమర్ల ప్రాజెక్టులు ఎడియస్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఉన్నాయి. ఆల్బమ్‌లు ఫోటోషాప్‌లో.

ఇన్నాళ్లూ ఏ పని పెట్టినా నడిచిందండి. కెమెరాలు మార్చాక మొదలైంది తంటా. ఇప్పుడు సోనీ ఏ7 ఫోర్‌లు రెండు, ఎఫ్ఎక్స్3 ఒకటి. మూడు కెమెరాల క్లిప్పులు టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే కొడితే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. 28 కోర్లూ, 128 జీబీ ర్యామూ ఉండి ఇలా ఎందుకు? మొత్తం తీసేసి కొత్తది కట్టించుకోమని ఒకరు, అంత బలమైన మెషీను మళ్లీ దొరకదు ఉంచుకోమని ఒకరు. మీ మాట చెప్పండి.

రాజమండ్రి కోడ్

మార్చేయండి అన్నయ్య గారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ప్రాసెసరు వాళ్ల జాబితాలో ఉండాలి. ఈ5 వీ4లు ఆ జాబితాలో లేవు. దొడ్డిదారిన ఎక్కించొచ్చు గానీ, కస్టమరు డబ్బులిచ్చి చేయించుకునే పని ఉన్న మెషీను మీద నేనైతే ఆ పని చెయ్యను.

రెండోది, మీ రెండు జియాన్లూ కలిపి చేసే పనిని 16 కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ ఒక్కటే దాటేస్తుంది. సింగిల్ కోర్ లెక్కలో అయితే రెండింతలకు పైనే తేడా. కరెంటు కూడా తక్కువ కాలుతుంది.

రావులపాలెం ఆల్బమ్స్

సింగిల్ కోర్ మాట నిజమండి. మాది అచ్చంగా ఆల్బమ్ పనే. ఫోటోషాప్‌లో 12x36 షీటు తెరిచి, లేయర్లు అరవై డెబ్బై దాటాక బ్రష్ తిప్పితే, ఆ పని చేసేది ఒకటో రెండో కోర్లు. మిగతావి ఊరికే కూర్చుంటాయి. మా షాపులో రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లుండే) మెషీను తీసి 8 కోర్ల రైజెన్ 7 9700ఎక్స్ పెట్టాం. కోర్లు తగ్గాయి, చేతికి వేగం పెరిగింది. షీటు సేవ్ చేసే టైములో లేచి టీ తాగొచ్చే అలవాటు మా కుర్రాళ్లకి పోయింది.

భీమవరం హార్డ్‌వేర్

పాలకొల్లు గారూ, కొనుక్కునే ముందు రెండు విషయాలు చూసి చెప్పండి.

ఒకటి: కెమెరా మెనూలో ఫైల్ ఫార్మాటు ఎక్స్ఏవీసీ ఎస్ పెట్టారా, ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ పెట్టారా? పక్కనే రికార్డింగ్ సెట్టింగులో 4:2:0 ఉందా, రంగు వివరం ఎక్కువ దాచే 4:2:2 10 బిట్ ఉందా?

రెండు: టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నొక్కండి. అక్కడ వీడియో డీకోడ్ అని చిన్న గ్రాఫ్ ఉంటుంది. కొత్త కెమెరా క్లిప్పు ఒకటే ప్లే చేసి ఆ గ్రాఫ్ చూడండి. తర్వాత పాత కెమెరా క్లిప్పుతో చూడండి. రెండూ ఇక్కడ పెట్టండి. అది తేలకుండా ఎవరెన్ని చెప్పినా చీకట్లో రాళ్లు వెయ్యడమే.

పాలకొల్లు స్టూడియో

చూశానండి. ఫార్మాటు ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ 4కే, 50పీ, 4:2:2 10 బిట్. కలర్ గ్రేడింగుకి (తర్వాత రంగు దిద్దడానికి) బాగుంటుందని సోనీ ఎస్-లాగ్3 ప్రొఫైల్లో తీస్తున్నాం.

కొత్త క్లిప్పు ప్లే చేస్తే వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గర నేలకి అంటుకుపోయి ఉంది. సీపీయూ మాత్రం ఎగబాకుతోంది, ఫ్యాన్లు లేచిపోతున్నాయి. పాత క్లిప్పు పెడితే అదే గ్రాఫ్ వెంటనే పైకి లేచింది, సీపీయూ చల్లగా ఉంది.

భీమవరం హార్డ్‌వేర్

ఆయ్, అదే అనుకున్నానండి. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కెమెరా నొక్కేసి దాచిన వీడియోని ప్లే చేసేటప్పుడు విప్పాలి. గ్రాఫిక్స్ కార్డులో ఆ పనికే ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అయితే ఆ భాగానికి కొన్ని ఫార్మాట్లే తెలుసు. మీ ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్.265. మీ 1080 టీఐకి హెచ్.265 4:2:0, 10 బిట్ అయినా సరే, తెలుసు. 4:2:2 తెలియదు. తెలియనిది వస్తే భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. హెచ్.265ని సాఫ్ట్‌వేర్లో విప్పడం చాలా బరువైన పని, పైగా ఒక క్లిప్పు విప్పే పనిని 28 కోర్లకీ సమానంగా పంచడం కుదరదు. అందుకే కోర్లున్నా బొమ్మ ఆగుతోంది.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డులకి కూడా హెచ్.265 4:2:2 విప్పడం రాదు. రైజెన్ 9000ల లోపలుండే చిన్న గ్రాఫిక్స్‌కీ రాదు. అంటే మీరు 9950ఎక్స్ కొని, పక్కన ఆర్‌టీఎక్స్ 4070 పెట్టినా ఆ గ్రాఫ్ సున్నా దగ్గరే ఉంటుంది. ప్రాసెసరు బలంగా ఉంది కాబట్టి ఇప్పటికంటే మెరుగ్గా నడుస్తుంది, అంతే.

వచ్చేవి ఇవి: ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి ఉన్న క్విక్ సింక్, అంటే లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం (పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, అది తీసుకోకండి). ఇంటెల్ ఆర్క్ కార్డులు. యాపిల్ ఎం సిరీస్. ఎన్విడియాలో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్. 50 సిరీస్‌లో ఇంకో లాభం, హెచ్.264 4:2:2 కూడా విప్పుతుంది. మీ కెమెరాలో ఎక్స్ఏవీసీ ఎస్ పెట్టి 4:2:2 ఎంచుకుంటే వచ్చేది అదే. చాలా తరాల క్విక్ సింక్‌తో హెచ్.264 4:2:2 కుదరదు.

కాబట్టి నా మాట: ముందు మెషీను జోలికి వెళ్లకండి. 1080 టీఐ తీసి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ పెట్టి చూడండి. అది 180 వాట్ల కార్డు, మీది 250 వాట్లు. మీ పవర్ సప్లైకి బరువు తగ్గుతుంది. బోర్డు మీద కార్డు గుచ్చే దారి పాత పీసీఐఈ 3.0 కాబట్టి కార్డు తన పూర్తి వేగం అందుకోదు గానీ, వీడియో విప్పడానికి ఆ దారి చాలు.

రాజమండ్రి కోడ్

ఆ గ్రాఫ్ సంగతి ఒప్పుకుంటున్నాను అన్నయ్య గారు, 4:2:2 విషయం నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ పాత బండికి కొత్త ఇంజను పెట్టినట్టుంటుంది కదా. విండోస్ సమస్య ఎక్కడికీ పోలేదు.

భీమవరం హార్డ్‌వేర్

పోలేదు తమ్ముడూ, గడువు మాత్రం ఉంది. విండోస్ 10 కి 2026 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు వస్తుంది. ఎన్విడియా కూడా విండోస్ 10కి ఆర్‌టీఎక్స్ డ్రైవర్లు 2026 అక్టోబరు దాకా ఇస్తామంది. ఆయన దగ్గరున్న 1080 టీఐకే మామూలు డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లే. అంటే కార్డు ఎలాగూ మార్చాలి. ఆ కార్డు రేపు కొత్త మెషీనులోకి కూడా పనికొస్తుంది, డబ్బు వృథా కాదు.

అమలాపురం డ్రోన్ సర్వే

ర్యామ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను చెప్తాను. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో, కొత్త మెషీన్లు అడిగే డీడీఆర్5 ర్యామ్ ధరలు 2025 ఆఖర్లో కొన్ని నెలల్లోనే రెండింతలు దాటిపోయాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మడం మానేస్తున్నట్టు డిసెంబరులో ప్రకటించేసింది. మీ దగ్గరున్న 128 జీబీ రిజిస్టర్డ్ ఈసీసీ డీడీఆర్4 కొత్త బోర్డులో పట్టదు. కొత్త మెషీనుకి మొత్తం మళ్లీ కొనాలి. 64 జీబీ ర్యామ్, 9950ఎక్స్, బోర్డు, సప్లై, కార్డు, ఎస్ఎస్‌డీ లెక్కేస్తే ఇవాళ రెండు లక్షలు దాటుతుంది.

మాది కోనసీమలో కొబ్బరి తోటలు, చెరువులు డ్రోన్‌తో సర్వే చేసే పని. మూడు నాలుగు వేల ఫోటోలు కలిపి ఒక మ్యాపు చెయ్యాలంటే మొదట అయిపోయేది ర్యామే. అందుకే మేం రెండు జియాన్ల మెషీన్నే నమ్ముకున్నాం. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది, ఆ పనికి వేగం కంటే చోటు ముఖ్యం. మీరు ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నాకే చెప్పండి. ఇది మొహమాటానికి కాదు, నిజంగానే.

కాకినాడ ఎడిటర్

నా ఓటు మ్యాక్ మినీ ఎం4కి. 4:2:2 చక్కగా విప్పుతుంది, 2024 నవంబరులో 59,900కి మొదలైంది, 16 జీబీతో వస్తుంది. చేతిసంచీలో పట్టుకుని కల్యాణ మండపానికి వెళ్లిపోవచ్చు, అక్కడే కూర్చుని ఎడిట్ చెయ్యొచ్చు. కరెంటు పోయినా చిన్న యూపీఎస్ చాలాసేపు మోస్తుంది. కొనేటప్పుడే ర్యామ్ సంగతి తేల్చుకోవాలి, తర్వాత పెంచలేం. స్టోరేజి మాత్రం బయట ఎస్ఎస్‌డీ తగిలించుకుంటే సరిపోతుంది.

పాలకొల్లు స్టూడియో

మ్యాక్ మాట మీద ఆశ కలిగిందండి, కానీ ఎడియస్ విండోస్ మీదే నడుస్తుంది. మా దగ్గర పెళ్లి చేయించుకున్నవాళ్లు బారసాలకి, అన్నప్రాసనకి వచ్చి "పెళ్లి వీడియోలోంచి ఆ ముక్క కలపండి" అంటారు. ఆ పాత ప్రాజెక్టులు తెరవాలి కదా. రెండో మెషీనుగా అయితే ఆలోచిస్తాను.

ఎక్కడ ఇబ్బంది పడుతున్నానో ఇంకొంచెం చెప్తాను. తెల్లవారుజామున ముహూర్తం అయితే, ఆ సాయంత్రం రిసెప్షన్లో ఎల్ఈడీ తెర మీద హైలైట్స్ వెయ్యమంటున్నారు. తలంబ్రాలు పోసింది పొద్దున, చూడాలనుకునేది రాత్రి భోజనాల టైముకి. మధ్యలో కార్డులు కాపీ చెయ్యాలి, ముక్కలు ఏరాలి, రంగు దిద్దాలి, పాట వెయ్యాలి. ఆ కొద్ది గంటల్లో మెషీను నసిగితే పిల్ల తండ్రి మొహం చూడలేం. మిగతా సినిమా రెండు నెలలకి ఇచ్చినా అడగరు, ఆ నాలుగు నిమిషాల ముక్క ఆలస్యమైతే ఊరంతా చెప్పుకుంటారు. నేను మెషీను మార్చాలా అని అడుగుతున్నది ఆ నాలుగు నిమిషాల కోసమేనండి.

ఆత్రేయపురం వీడియో

ఖర్చు లేని దారి ఒకటుంది. మీ మూడు కెమెరాల్లోనూ ప్రాక్సీ రికార్డింగు ఆన్ చెయ్యండి. అసలు ఫైలుతో పాటు చిన్న ఫైలు కూడా కార్డులో పడుతుంది. ప్రీమియర్లో అటాచ్ ప్రాక్సీస్ కొట్టి చిన్నవాటితో ఎడిట్ చేసుకోండి, ఎక్స్‌పోర్టుకి అసలువి అదే తీసుకుంటుంది. ఇంటికొచ్చి ప్రాక్సీలు తయారుచేసుకునే టైము మిగులుతుంది.

ఇంకోటి, ఫుటేజీ ఎక్కడ పెడుతున్నారు? మీ సెట్టింగులో ఒక్కో కెమెరా 200 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 25 ఎంబీ. మూడు కలిపితే 75. అంకె చూస్తే హార్డ్ డిస్క్ మోసేదే. కానీ మూడు ఫైళ్లు ఒకేసారి చదవాలంటే దాని సూది అటూ ఇటూ పరిగెత్తాలి, అక్కడ తడబడుతుంది. అప్పటికప్పుడు చేసే పని వరకైనా ఎస్ఎస్‌డీ మీద పెట్టండి.

పాలకొల్లు స్టూడియో

ఫుటేజీ ఎస్ఎస్‌డీ మీదే ఉందండి. ప్రాక్సీ ఇవాళే ఆన్ చేసి చూశాను, ఎడిటింగ్ తేలిగ్గా సాగింది. గ్రేడింగుకి అసలు ఫైలుకి మారగానే మళ్లీ అదే కథ. ఎక్స్‌పోర్టూ నత్తనడకే, ఎందుకంటే అక్కడ అసలువి విప్పాల్సిందే.

నరసాపురం సర్వీసింగ్

కొనడం, మానడం సరే. ఆ డబ్బా ఎప్పుడైనా విప్పారా?

నేను అడిగేది ఎందుకంటే, మనది ఉప్పు గాలి. సముద్రం పక్క, చెరువుల పక్క పెట్టిన మెషీన్లలో దుమ్ము పొడిగా ఉండదు, తడి పట్టి జిగురులా మందంగా పేరుకుంటుంది. మొన్న ఒక స్టూడియో వాళ్ల రెండు సాకెట్ల వర్క్‌స్టేషన్ తెచ్చారు. మొదటి ప్రాసెసరు హీట్‌సింకు రేకుల మధ్య గాలి పోయే సందే లేదు, బూడిద రంగు గుడ్డ కప్పినట్టుంది. ర్యామ్ కాళ్ల మీద మచ్చలు. ప్రాసెసరు వేడి హీట్‌సింకుకి దాటడానికి రాసే థర్మల్ పేస్టు గోకితే పెచ్చులుగా ఊడొచ్చింది. అలా ఉంటే ప్రాసెసరు వేడికి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, మనం మెషీను ముసలిదైపోయిందనుకుంటాం. బ్లోయరు కొట్టి, పేస్టు మార్చి, ర్యామ్ కాళ్లు ఐసోప్రొపైల్‌తో తుడిచి బిగించి ఇచ్చాను.

రెండోది సప్లై. ఈ బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలో పవర్ సప్లై, బోర్డు వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి. బజార్లో దొరికే మామూలు ఏటీఎక్స్ సప్లై పట్టదు. పోతే అదే మోడల్ వెతికి తెప్పించాలి. సీజన్ మధ్యలో పోతే ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. నేనైతే వాడినదైనా సరే ఒక సప్లై తెచ్చి బీరువాలో పెట్టుకోమంటాను. కొత్త కార్డు పెట్టే ముందు లోపలున్న గ్రాఫిక్స్ పవర్ వైరు ఎన్ని పిన్నులదో కూడా చూడండి, కార్డు 8 పిన్ను అడుగుతుంది.

యూపీఎస్ మాట కూడా. సాయంత్రాలు చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారి వేస్తే మా వైపు వోల్టేజీ దిగిపోతుంది. ఇలాంటి సప్లైలకి ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ ఉండాలి, చవక రకం స్క్వేర్ వేవ్‌వి పెడితే కరెంటు మారే క్షణంలో మెషీను ఆగిపోవచ్చు.

రాజమండ్రి కోడ్

కరెంటు ఖర్చు కూడా లెక్కేద్దామండి.

భీమవరం హార్డ్‌వేర్

వేద్దాం. ఎడిటింగ్‌లో ఆయన మెషీను కొత్తదానికంటే 150 వాట్లు ఎక్కువ తాగుతుందనుకో. రోజుకి పది గంటలు అంటే యూనిట్టున్నర. నెలకి 45 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 450. రెండు లక్షలు ఆ లెక్కలో ఎప్పటికి తిరిగొస్తాయి? కరెంటు కోసమే అయితే మార్చక్కర్లేదు. గది వేడెక్కుతుంది, ఏసీ మీద భారం పడుతుంది, అది మాత్రం నిజం.

తణుకు పద్దులు

స్టూడియో పేరు మీద కొంటున్నారు కదా. కంప్యూటర్ల మీద ఆదాయపు పన్నులో తరుగుదల 40 శాతం. కానీ ఆ సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే, అంటే 20 శాతం. అక్టోబరు మొదటి వారం దాటాక వాడకంలో పెట్టినవాటికి ఆ సంవత్సరం సగమే వస్తుంది. పెద్ద ఖర్చు ఏప్రిల్‌కి జరిపితే కొత్త సంవత్సరంలో పూర్తి 40 శాతం వస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

రావులపాలెం ఆల్బమ్స్

నా మాట మాత్రం మార్చుకోను. కార్డు మార్చితే వీడియో బాధ తీరుతుందేమో, ఫోటోషాప్ బాధ తీరదు. ఆల్బమ్ పని కూడా మీదే అయితే ఆ సింగిల్ కోర్ వేగానికి ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సిందే.

పాలకొల్లు స్టూడియో

వారం తర్వాత వస్తున్నానండి. భీమవరం గారు షాపులో ఉన్న 5060 టీఐ చూడటానికి ఇచ్చారు, వారికి నా కృతజ్ఞతలు. నరసాపురం గారి మాట ప్రకారం ముందు డబ్బా విప్పి శుభ్రం చేయించాను, రెండో ప్రాసెసరు దగ్గర పేస్టు నిజంగానే పెచ్చులుగా వచ్చింది. 1080 టీఐకి పెట్టిన 8 పిన్ను పవర్ వైరే కొత్త కార్డుకీ సరిపోయింది.

కార్డు పెట్టి అదే క్లిప్పు ప్లే కొట్టాను. వీడియో డీకోడ్ గ్రాఫ్ లేచిందండి. ప్రీమియర్ని కొత్త వెర్షనుకి మార్చాక మూడు కెమెరాలూ మల్టీక్యామ్‌లో పెడితే ఆగకుండా నడిచాయి. ప్రీమియర్లో రంగు దిద్దే లూమెట్రీ కలర్ వేసినా నడిచాయి. సీపీయూ ఫ్యాన్లు మునుపటిలా కేకలు పెట్టలేదు. ఒక పాత పెళ్లి హైలైట్ ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను, మునుపటి టైములో సగం కూడా పట్టలేదు.

ఫోటోషాప్ మాత్రం రావులపాలెం గారు చెప్పినట్టే, గీతంత తేడా కూడా లేదు. ఎడియస్ పాత ప్రాజెక్టులు మామూలుగానే తెరుచుకున్నాయి.

కార్డు ఉంచేసుకుంటున్నాను. ముహూర్తాలు మొదలయ్యాక ఈ మెషీను మీదే పని. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం తియ్యాలని ఉంది, అక్కడే దీన్ని పూర్తిగా పరీక్షిస్తాను. ఆల్బమ్ టేబులుకి 9700ఎక్స్‌తో ఒక చిన్న మెషీను ఏప్రిల్ తర్వాత కట్టిస్తాను, అప్పటికి ర్యామ్ ధర దిగితే 64 జీబీ, లేకపోతే 32తో మొదలుపెడతాను. 2026 అక్టోబరు దగ్గరపడ్డాక వీడియో పని కూడా కొత్తదాని మీదికి మార్చి, ఈ జియాన్ల డబ్బా అమలాపురం వారికి ఇచ్చేస్తాను. ధర అప్పుడు మాట్లాడుకుందాం.

అమలాపురం డ్రోన్ సర్వే

మాట మాటేనండి. ర్యామ్ మాత్రం తీసి అమ్మేయకండి, నాకు కావాల్సింది అదే.

భీమవరం హార్డ్‌వేర్

సంతోషమండి. ఒకటి గుర్తుంచుకోండి, 9700ఎక్స్ కట్టించేటప్పుడు అది ఆల్బమ్‌కే అయితే సరే. వీడియో కూడా దాని మీదికి వస్తే ఈ 5060 టీఐ దాంట్లోకి మార్చాలి, అందుకని సప్లై 650 వాట్లకి తగ్గకుండా పెట్టించండి. 1080 టీఐ పారేయకుండా జియాన్ల డబ్బాతో పాటు అమలాపురం వారికి పంపండి, 11 జీబీ మెమరీ సర్వే పనికి ఉపయోగపడుతుంది.

తణుకు పద్దులు

కార్డు బిల్లు స్టూడియో పేరున, జీఎస్టీ నంబరుతో తీసుకున్నారా? లేకపోతే ఈ నెలలోనే వెళ్లి మార్పించుకోండి.